మడి నుంచి గడపకు

మిర్యాలగూడ వైపు వరి రైతుకు పంటకోత ప్రయోగం కొత్తేం కాదు. ఎక్కడ కొయ్యాలో రైతూ చెప్పడు, వచ్చిన అధికారీ తేల్చడు. యాదృచ్ఛిక అంకెలు చెప్పినట్టు పొలం మూల నుంచి ఇన్ని అడుగులు నిలువు, ఇన్ని అడుగులు అడ్డం నడిచి, అక్కడ 5 మీటర్ల చదరం తాడు కట్టి, అందులోని వరి కోసి నూర్చి తూకం వేస్తారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వాళ్లు సూర్యాపేటలో ఓ ఇంటి తలుపు కొట్టడానికీ దీనికీ చుట్టరికం ఉంది.

1923-25 నాటికే బీహార్-ఒరిస్సాలో హబ్బాక్ అనే ఐసీఎస్ అధికారి వరి దిగుబడిని ఇలా లెక్కగట్టాడు. మంచి మడి ఏరుకునే బుద్ధి మనిషికి ఎటూ ఉంటుంది కాబట్టి, ఎంపికను మనిషి చేతిలోంచి తీసేశాడు. 1931లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టిన మహలనోబిస్ దీన్నే బెంగాల్ జనపనార పంటకు విస్తరించాడు. 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వేతో ఈ పద్ధతి పొలం దాటి ఇళ్లలోకి వచ్చేసింది.

ఆరోగ్య సర్వే మొదటి విడత 1992-93లో జరిగింది. నడిపేది ముంబైలోని జనాభా అధ్యయన సంస్థ. ముందు జనగణన జాబితాలోంచి ఊళ్లు తీస్తారు. పెద్ద ఊరికి అవకాశం ఎక్కువ. అన్యాయం అనిపిస్తుంది గానీ, ఎంపికైన ప్రతి చోటా తీసుకునేది 22 ఇళ్లే కనుక, పెద్ద ఊళ్లో ఒక్కో ఇంటికి వంతు తగ్గి లెక్క సరిపోతుంది. కోదాడ లాంటి పట్టణాల్లో ఊరి బదులు జనగణన బ్లాకు. ఊరైనా బ్లాకైనా ఇల్లిల్లూ తిరిగి పటం గీసి వరుస నంబర్లు వేస్తారు. 220 ఇళ్లుంటే పదింటికొకటి: మొదటి అంకె 7 పడితే 7, 17, 27... ఇక 17వ ఇంటికి తాళం ఉందని 18కి పోవడానికి లేదు, మళ్లీ రావాల్సిందే. పక్కింటావిడ ఎంత ఓపిగ్గా మాట్లాడినా పనికిరాదు.

2015-16 విడతలో మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ మూడూ ఒకే నల్లగొండ జిల్లా. 2016 దసరా నాడు సూర్యాపేట, కోదాడ కొత్త జిల్లాలోకి వెళ్లాయి. ప్రతి జిల్లాకూ విడి అంచనా కావాలి కాబట్టి, తెలంగాణలో 7,786గా ఉన్న ఇళ్లు 2019లో 27,351 అయ్యాయి. జిల్లాలు పెరిగితే సర్వే వాళ్ల చెప్పులు అరగడమూ పెరిగిందన్నమాట.

ఇంట్లోకి వచ్చాక 15-49 ఏళ్ల ఆడవాళ్లందరినీ అడుగుతారు. గృహహింస ప్రశ్నలు మాత్రం కొన్ని ఇళ్లలోనే, అక్కడా ఒక్కరికే. ఆ ఒక్కరెవరో కూడా అంకెలే తేలుస్తాయి. అత్తా కోడలూ ఇద్దరూ ఉంటే ఒకరిని అడిగిన సంగతి రెండోవారికి తెలియకూడదు. గది ఖాళీ చేయించలేకపోతే ఆ భాగం అడక్కుండానే వదిలేస్తారు.