రెండు రూపాయల బూట్లు

పోలీసులు వాడి పారేసిన పాత బూట్లు అవి. వాటి తోలు కోసి ఫుట్‌బాల్ బూట్లు కుట్టిస్తానన్నాడు చెప్పులు కుట్టే అతను. కూలీ రెండు రూపాయలు. సికింద్రాబాద్ కంటోన్మెంటు పక్కన అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్ దగ్గర ఆ రెండు రూపాయలు లేవు. ఇంటికెళ్లి అమ్మని బతిమాలాడు. కొడుకు చదువుకుని సర్కారు కొలువులో కుదురుకోవాలన్నది ఆ తల్లి ఆశ. ఆటంటే ఆమెకి గిట్టదు. అయినా డబ్బులిచ్చింది.

ఆ బూట్లతోనే బలరామ్ లీగ్ ఆటల్లోకి దిగాడు.

అప్పట్లో దేశం మొత్తానికీ ఫుట్‌బాల్ నేర్పుతున్న ఊరు హైదరాబాద్. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్పు ఎత్తుకొచ్చింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. దాని వెనకున్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. ఒకప్పుడు బడిపంతులు, అందరికీ రహీం సాబ్. బంతిని కాళ్ల దగ్గర అట్టేపెట్టుకుని విన్యాసాలు చేయడం ఆయనకి నచ్చేది కాదు. డ్రిబ్లింగ్ చేయకూడదన్న నిబంధనతో పోటీలే పెట్టించారు. వాటంలేని కాలితో ఆడేందుకు వేరే పోటీలు. బంతి కంటే ముందు బుర్ర పరుగెత్తాలన్నది ఆయన పట్టుదల.

ఆయన కంట్లో పడ్డాడు బలరామ్. జాతీయ పోటీ అయిన సంతోష్ ట్రోఫీ సెలక్షన్లకి రమ్మన్నారు రహీం సాబ్. కుర్రాడు నీళ్లు నమిలాడు. సికింద్రాబాద్ నుంచి రోజూ హైదరాబాద్ రావాలంటే చార్జీలకి డబ్బులేవి? అద్దె సైకిలుకి డబ్బులిచ్చారు రహీం సాబ్. ఆ సైకిలు మీద వచ్చిన పిల్లవాడు హైదరాబాద్ జట్టుతో వరసగా రెండుసార్లు సంతోష్ ట్రోఫీ గెలిచాడు. ఇరవై ఏళ్ల వయసులో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్లాడు. ఆ క్రీడల్లో భారత జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మనం ఆ ఎత్తుకి మళ్లీ చేరలేదు.

మన కోనసీమ పాఠకులకి ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అమలాపురం అబ్బాయి సాత్విక్ సాయిరాజ్ 2023లో ఆసియా క్రీడల బ్యాడ్మింటన్ డబుల్స్ స్వర్ణం తెచ్చినప్పుడు నగరం గ్రామంలోనూ రాజోలులోనూ పిల్లల నోళ్లలో ఆ పేరే ఆడింది. ఆడాలి కూడా. అదే ఆసియా స్వర్ణం అంతకు అరవై ఒక్క ఏళ్ల ముందే తెచ్చిన సికింద్రాబాద్ వాడి పేరు మాత్రం మన పిల్లల పాఠాల్లో లేదు. అది నాకు మింగుడుపడని సంగతి.

1960, రోమ్ ఒలింపిక్స్. ఎదుట హంగరీ. తర్వాతి రోజుల్లో యూరప్ ఉత్తమ ఆటగాడిగా ఎన్నికైన ఫ్లోరియన్ ఆల్బర్ట్ ఉన్న జట్టు. రెండు గోల్స్ వెనకబడ్డా మనవాళ్లు చేతులెత్తేయలేదు. 79వ నిమిషంలో బలరామ్ కొట్టిన బంతి వలలో పడింది. ఆట 2-1తో పోయింది గానీ హంగరీకి చెమటలు పట్టాయి. పెరూ మీదా మన ఏకైక గోల్ అతనిదే.

ఇక 1962, జకార్తా. ఇజ్రాయెల్‌నీ తైవాన్‌నీ ఆసియా క్రీడలకి రానివ్వలేదని భారత ప్రతినిధి గురుదత్ సోంధీ అభ్యంతరం చెప్పారు. దాంతో ఊరు ఊరంతా మన మీద మండిపడింది. సెప్టెంబర్ 4న ఫైనల్. స్టేడియంలో దాదాపు లక్షమంది, చాలావరకు మనల్ని ఎగతాళి చేసేవాళ్లే. ప్రత్యర్థి, తొలి మ్యాచ్‌లో మనల్ని 2-0తో ఓడించిన దక్షిణ కొరియా. తలకి కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని వెనక నుంచి తీసి ముందు వరసలో నిలబెట్టారు జట్టు కోచ్ రహీం సాబ్. ఒంట్లో క్యాన్సర్ తినేస్తున్న మనిషి ఆయన. నాకొక కానుకివ్వండి, రేపు స్వర్ణం గెలవండి అన్నట్టుగా శిష్యుల్ని అడిగారు. పీకే బెనర్జీ, చునీ గోస్వామి, ఎడమ పక్కన బలరామ్. ఇరవై నిమిషాల్లోనే పీకే ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. చివర్లో కొరియా ఒకటి తిరిగిచ్చింది. 2-1. స్వర్ణం మనదే. ఆ ఏడాదే బలరామ్‌కి అర్జున అవార్డు.

తర్వాతి కథ గబగబా అయిపోయింది, అదే నా బాధ. 1963 జూన్ 11న రహీం సాబ్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయారు. ఆ ఏడాదే శిష్యుడు బలరామ్‌కీ ఊపిరితిత్తుల జబ్బు. ఆడొద్దన్నారు డాక్టర్లు. ఇరవై ఏడేళ్లకే బూట్లు విప్పేశాడు. ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకి ఐదారేళ్లు ఆడి, 1961లో నాయకుడై లీగ్ గెలిపించిన మనిషికి అవే ఆఖరి రోజులయ్యాయి. ఆ తర్వాత కలకత్తాలో రైల్వే ఉద్యోగం, కుర్రాళ్లకి శిక్షణ, హుగ్లీ ఒడ్డున ఉత్తరపాడాలో ఒంటరి జీవితం.

పీకే, చునీ, బలరామ్. ముగ్గురినీ ఒక్క ఊపిరిలో తలుచుకోవడం బెంగాలీలకి అలవాటు. చునీకి 1983లో పద్మశ్రీ వచ్చింది. పీకేకి 1990లో. మూడోవాడికి రాలేదు. ఆ గాయాన్ని ఆయన దాచుకోలేదు, అడిగినవాళ్లకి సూటిగానే చెప్పారు. 2023 ఫిబ్రవరి 16న, 86 ఏళ్ల వయసులో, కోల్‌కతాలో కన్నుమూసేనాటికీ ఆ పురస్కారం రాలేదు.