నబ్జ్ చూడాలా, దమ్ చూడాలా? హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ కథ

హకీం సాబ్ దగ్గరికి వెళ్తే ఆయన ముందు మణికట్టు మీద వేళ్ళు పెట్టి నబ్జ్ చూసేవారు. నబ్జ్ అంటే దిల్ కొట్టుకుంటున్న జాడ. ఇంట్లో ఎవరైనా ఆఖరి ఘడియల్లో ఉంటే మాత్రం మనం ముక్కు దగ్గర చెయ్యి పెట్టి దమ్ ఉందా లేదా అని చూస్తాం. ఈ రెండిట్లో ముందు ఆగేది ఏది? ఈ సవాల్ మీద నూట ముప్పై ఏళ్ళ క్రితం మన హైదరాబాద్‌లో పెద్ద తహ్కీకాత్ జరిగింది. శరీరం ఎలా పనిచేస్తుందో చెప్పే శాస్త్రాన్ని ఇంగ్లీషులో ఫిజియాలజీ అంటారు, ఉర్దూలో ఇల్మె అఫ్ఆలుల్ ఆజా అంటారు. ఆ ఇల్మ్ తారీఖ్‌లో హైదరాబాద్‌కు చోటు దొరికింది ఈ తహ్కీకాత్ వల్లనే.

1847 నవంబర్‌లో ఎడిన్‌బరోలో సింప్సన్ అనే డాక్టర్ క్లోరోఫాం వాడకం మొదలుపెట్టాడు. రుమాలు మీద కొన్ని చుక్కలు వేసి పీలిస్తే చాలు, మనిషి బేహోష్. కోత నొప్పి తెలియదు. మూడు నెలలైనా గడవకముందే, 1848 జనవరిలో, ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ అమ్మాయి కాలిగోరు తీయించుకోబోయి క్లోరోఫాం పీల్చిన కాసేపటికే చనిపోయింది. ఆ తర్వాత అలాంటి మరణాలు వస్తూనే ఉన్నాయి. జాన్ స్నో వంటివారు దిల్ ఆగి చనిపోతున్నారన్నారు. ఎడిన్‌బరో సర్జన్ సైమ్ మాత్రం నబ్జ్ వదిలేయండి, దమ్ మీద నజర్ పెట్టండి అని శాగిర్దులకు నేర్పాడు.

ఇది ఉత్త బహస్ కాదు. మెదడు కింది భాగంలో ఊపిరిని నడిపించే కేంద్రం ఉంది. క్లోరోఫాం ఎక్కువైతే ఆ కేంద్రం కూడా మత్తులో పడుతుంది, ఊపిరి ఆగుతుంది. దిల్ మాత్రం ఇంకా కాసేపు కొట్టుకుంటుంది. ఆ కాసేపే మోహ్లత్. మందు తీసేసి, నాలుక ముందుకు లాగి, ఛాతీ నొక్కి ఊపిరి ఆడిస్తే మనిషి వాపస్ వస్తాడు. అదే ముందు దిల్ ఆగితే ఆ రోజుల్లో చేయగలిగిందేమీ లేదు. కాబట్టి క్లోరోఫాం ఇచ్చే మనిషి కళ్ళు ఎక్కడ ఉండాలన్నదాని మీద మరీజు జాన్ ఆధారపడి ఉంది.

సైమ్ శాగిర్దు ఎడ్వర్డ్ లారీ 1885లో రెసిడెన్సీ సర్జన్‌గా హైదరాబాద్ వచ్చాడు. 1846లో పెట్టిన హైదరాబాద్ మెడికల్ స్కూలు ఆయన చేతికి వచ్చింది. మొదట్లో ఆ స్కూల్లో తాలీమ్ ఉర్దూలోనే ఉండేది. 1888లో ఆయన కుక్కల మీద తజ్రుబాలు చేయించి, ప్రతిసారీ ముందు ఆగింది ఊపిరే అని ప్రకటించాడు. లండన్ వైద్య పత్రిక లాన్సెట్ నమ్మలేదు. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ సర్కారు వెయ్యి పౌండ్లు ఇచ్చి, మీకు నచ్చినవాణ్ణే పంపి చూసుకోండి అంది. షక్ ఉన్నవాణ్ణే ఖర్చు పెట్టి పిలిపించడం! ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన మాట ఇదే.

లాన్సెట్ లాడర్ బ్రంటన్‌ను పంపింది. దిల్‌కు ఖత్రా ఉందని నమ్మేవాడాయన. 1889 చివర్లో బ్రంటన్, లారీ, బామ్‌ఫర్డ్, మన రుస్తుంజీ హకీం కలిసి కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు, పిల్లులు, కుందేళ్ళు అన్నీ కలిపి నాలుగు వందలకు పైగా జంతువుల మీద చూశారు. రక్తపోటు ఎలా పడిపోతోందో యంత్రంతో గీతలు గీయించారు. పాపం, బేజుబాన్ జాన్వర్లు! ఎవరూ వాటి లెక్క తలచుకోరు. చివరికి బ్రంటన్ తన రాయ్ మార్చుకుని లండన్‌కు తంతి కొట్టాడు: ఖత్రా అంతా ఊపిరాడకపోవడం వల్ల, మందు ఎక్కువవడం వల్లే, దిల్‌కు నేరుగా ఏమీ కాదు అని.

ఆ స్కూల్లోనే చదివిన పార్సీ మహిళ రూపాబాయి ఫర్దూంజీ హైదరాబాద్ దవాఖానాల్లో క్లోరోఫాం ఇచ్చేది. ఆడవాళ్ళు ఆ పని చేయడం చాలా అరుదైన కాలం అది.

మనవాళ్ళు ఫఖర్‌గా చెప్పుకునే కథ ఇక్కడితో ఆగిపోతుంది. కానీ ఇంగ్లండులో మరీజులు ఇంకా అలాగే, ఉన్నట్టుండి చనిపోతూనే ఉన్నారు. 1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ అనేవాళ్ళు క్లోరోఫాం దిల్ మీద కూడా పనిచేస్తుందని రాశారు. లారీ ఒప్పుకోలేదు. 1901లో వచ్చిన తన పుస్తకంలోనూ పాత మాటే. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద అసలు గుట్టు పట్టుకున్నాడు. క్లోరోఫాం ఎక్కువైనప్పుడు కాదు, తక్కువగా ఉన్నప్పుడే ఈ ఖత్రా. సగం మత్తులో అడ్రినలిన్ ఒక్కసారి రక్తంలోకి వస్తే దిల్ కింది గదులు లయ తప్పి వణుకుతాయి, రక్తం తోయలేవు. భయం, గింజులాట ఉన్నప్పుడు శరీరం వదిలేది ఆ అడ్రినలిన్‌నే. 1889లో అడ్రినలిన్ అనే పేరే పుట్టలేదు.

అంటే హైదరాబాద్ కమిషన్ చూసింది అబద్ధం కాదు. మందు నెమ్మదిగా ఎక్కువైతే నిజంగానే ముందు ఊపిరే ఆగుతుంది, దమ్ మీద నజర్ పెట్టమన్న లారీ హిదాయత్ చాలా జానులు కాపాడి ఉంటుంది. గల్తీ జరిగింది "దిల్‌కు ఏమీ కాదు" అన్న దగ్గర. నాలుగు వందల జంతువుల్లో కనబడలేదు గనక అది లేనే లేదనుకున్నారు. చిన్న ఆపరేషన్‌కు వచ్చి, భయంతో వణుకుతూ, రెండు గుక్కల క్లోరోఫాంకే పోయిన మనుషుల గురించి దిల్ పక్షం వాళ్ళు అరవై ఏళ్ళుగా చెబుతున్నది అదే.