ఐ-9 ఫారం: యజమాని చేతికి వచ్చిన వలస తనిఖీ

అమెరికాలో కొత్తగా ఉద్యోగంలో చేరేవారు, ఆ దేశ పౌరులు సైతం, తామెవరో, అక్కడ పనిచేసే హక్కు తమకున్నదనీ పత్రాలతో రుజువు చేసుకోవాలన్న దేశవ్యాప్త నియమం 1986కు ముందు లేదు. 1952 నాటి వలస, జాతీయతా చట్టం అనుమతి లేని విదేశీయులకు ఆశ్రయమివ్వడాన్ని నేరంగా ప్రకటించినా, వారికి పని కల్పించడం ఆశ్రయమివ్వడం కిందికి రాదని అందులోనే ఒక మినహాయింపు చేర్చింది. టెక్సాస్ భూస్వాముల కోసం చేర్చిన ఆ వాక్యానికి ‘టెక్సాస్ మినహాయింపు’ అన్న పేరు స్థిరపడింది. పొలంలో దొరికిన కూలీని దేశం దాటించగలిగిన ఆ చట్టం, అతని శ్రమతో పంట తీసిన ఆసామి జోలికి పోలేదు. ఇది ఘోరమైన అన్యాయమే.

సెనెటర్ ఆలన్ సింప్సన్, ప్రతినిధుల సభ సభ్యుడు రొమానో మజోలీ కొన్నేళ్లపాటు పట్టు వదలకుండా నడిపిన ప్రయత్నం ఫలించి, 1986 నవంబరు 6న అధ్యక్షుడు రీగన్ వలస సంస్కరణ, నియంత్రణ చట్టంపై సంతకం చేశారు. అప్పటికే దేశంలో ఉన్న దాదాపు 27 లక్షల మందికి చట్టబద్ధమైన నివాసం దక్కడానికి దారి తీసిన ఈ చట్టమే, అనుమతి లేదని తెలిసి పనిలో పెట్టుకున్న యజమానికి జరిమానా విధించింది. అలా యజమానిపై పడిన తనిఖీ బాధ్యతకు కాగితపు రూపమే ఐ-9 ఫారం. ఉద్యోగి చేరిన మూడు పనిదినాల్లోగా యజమాని అతని పత్రాలను చూసి సంతకం చేయాలి: గుర్తింపునూ పని హక్కునూ కలిపి రుజువు చేసే పాస్‌పోర్టు వంటిది ఒకటైనా చాలు, లేదా గుర్తింపుకు డ్రైవింగ్ లైసెన్సు వంటిది, పని హక్కుకు సోషల్ సెక్యూరిటీ కార్డు వంటిది విడివిడిగా చూపవచ్చు.

ఇన్ని రకాల పత్రాలను అంగీకరించడానికి మూలం, జాతీయ గుర్తింపు కార్డు పట్ల అమెరికన్లకున్న పాత భయం. అటువంటి కార్డుకు తాను అనుమతి ఇవ్వడం లేదని ఆ చట్టమే స్పష్టంగా చెప్పుకొన్నది. సోషల్ సెక్యూరిటీ కార్డు మీద 1946 నుంచి 1972 దాకా ‘గుర్తింపు కోసం కాదు’ అనే అచ్చు ఉండేదన్న సంగతి ఇక్కడ గుర్తు చేసుకోదగినది. పత్రం చూపులకు అసలైనదిగా ఉంటే యజమాని అంగీకరించవలసిందే కనుక, దొంగ పత్రాల వ్యాపారానికి చోటు దొరికింది. మరోవైపు, జరిమానాకు జడిసిన కొందరు యజమానులు విదేశీ రూపమో యాసో ఉన్నవారిని దూరం పెట్టారు. ఈ చట్టం వల్ల వివక్ష విస్తృతంగా సాగుతున్నదని అమెరికా కాంగ్రెస్ తరఫున పరిశీలన జరిపే జనరల్ అకౌంటింగ్ ఆఫీసు 1990లో నివేదించింది. ఈ తనిఖీ చరిత్రలో అన్నిటికన్నా బాధాకరమైన అధ్యాయం ఇదే, ఎందుకంటే సక్రమమైన పత్రాలున్నవారు కూడా ముఖం చూసి తిరస్కరణకు గురయ్యారు.

పత్రంలోని వివరాలను ప్రభుత్వ రికార్డులతో సరిపోల్చే ప్రయోగం 1997లో మొదలై, 2007లో ‘ఈ-వెరిఫై’ అన్న పేరు పొందింది. తెలుగు విద్యార్థుల జీవితాలతో దీన్ని నేరుగా ముడిపెట్టినది 2008 నాటి నిబంధన: చదువు ముగిశాక పన్నెండు నెలలు పనిచేయడానికి వీలిచ్చే ఓపీటీని విజ్ఞాన, సాంకేతిక పట్టభద్రులకు మరో 17 నెలలు పొడిగిస్తూ, యజమాని ఈ-వెరిఫైలో నమోదై ఉండాలని షరతు పెట్టారు. 2016లో పొడిగింపు 24 నెలలకు పెరిగినా షరతు మారలేదు. అందువల్ల హైదరాబాదు నుంచో గుంటూరు నుంచో వెళ్లి ఇంజనీరింగులో ఎమ్మెస్ పూర్తిచేసినవారు, జీతం ఎంతని అడగడానికి ముందే, ఆ కంపెనీ ఈ-వెరిఫైలో ఉన్నదో లేదో విచారించుకోవలసి వచ్చింది.