జావోలియన్ (1776–1830)

చైనాను 1644 నుంచి 1912 వరకు ఏలిన చింగ్ వంశపు మంచూ రాజకుమారుడు, గ్రంథకర్త. ఇంటిపేరు ఐసిన్ గియోరో. రాజకుటుంబాల్లో అత్యున్నతమైన ‘లీ’ బిరుదును పదేళ్లు ధరించి పోగొట్టుకున్నాడు. అతని పేరు నేటికీ వినిపించడానికి కారణం మాత్రం ‘షియావోటింగ్ జాలు’ అనే సంకలనం. చింగ్ కాలపు రాజాస్థానం, సైన్యం, ఆచారాల గురించి రాసే చరిత్రకారులు ఈ పుస్తకాన్ని చూడకుండా ముందుకు పోవడం అరుదు.

మంచూ రాజ్యానికి పునాది వేసిన నుర్హాచి రెండో కొడుకు దైషాన్ (1583–1648) ఈ ఇంటికి మూలపురుషుడు. ‘లీ’ బిరుదు 1636లో అతనికే మొదట దక్కింది. చింగ్ పద్ధతిలో రాజకుమారుల హోదా సాధారణంగా తరం మారినప్పుడల్లా ఒక మెట్టు దిగుతుంది. రాజ్యస్థాపనలో కత్తి పట్టిన కొన్ని ఇళ్లకు ఆ తరుగుదల లేదు. వాటిని ‘ఇనుప టోపీ’ ఇళ్లు అనేవారు. దైషాన్ వారసుల్లో జియేషు (1645–1697) ఫూజియాన్ ప్రాంతపు తిరుగుబాటును అణచి పేరు తెచ్చుకున్నాడు. అతని కాలంలో బిరుదు పేరు ‘కాంగ్’గా మారింది. చియాన్‌లాంగ్ చక్రవర్తి 1778లో పాత పేరును తిరిగి ఇచ్చాడు. అప్పటికి జావోలియన్ పసివాడు. తండ్రి యోంగ్‌ఎన్ (1727–1805) కూడా కలం పట్టినవాడే, పద్యాలతో పాటు నాలుగు నాటకాలు రాశాడు. పుస్తకాల మధ్య పెరిగిన కొడుకుకు చరిత్ర పిచ్చి పట్టడంలో వింతేమీ లేదు.

తండ్రి చనిపోయిన 1805లోనే బిరుదు జావోలియన్‌కు వచ్చింది. దాంతోపాటు బీజింగ్ పశ్చిమ భాగంలోని లీ రాజభవనం కూడా సంక్రమించింది. నగరంలో ఇళ్ల విస్తారానికి లీ వారిని, గోడల ఎత్తుకు యూ అనే మరో రాజకుమారుల ఇంటివారిని చెప్పుకోవాలని అక్కడి జనం సామెతగా అనేవారు. 1807లో ఆ భవనం అగ్నికి ఆహుతైంది. తరాలుగా దాచుకున్న వస్తువులు బూడిదయ్యాయి. జియాచింగ్ చక్రవర్తి 10,000 తులాల వెండి ఇచ్చి ఆదుకున్నాడు. ఇక్కడి తులం చైనా తులం, సుమారు 37 గ్రాములు.

1813 అక్టోబర్ 8న లిన్ చింగ్ అనే మతశాఖ నాయకుడి అనుచరులు, లోపలి కొజ్జా సేవకుల సాయంతో, రాజప్రాసాదంలోకి చొరబడ్డారు. చక్రవర్తి అప్పుడు నగరంలో లేడు. రెండో కొడుకు మియెన్‌నింగ్, తర్వాత దావోగువాంగ్ చక్రవర్తి అయినవాడు, తుపాకీ పేల్చి కొందరిని పడగొట్టాడు. కబురు తెలిసి లోపలికి పరుగెత్తిన రాజకుమారుల్లో జావోలియన్ ఒకడు. ఆ రోజు జరిగిందంతా తర్వాత తీరిగ్గా రాసిపెట్టాడు. ఆ సంఘటనకు సంబంధించిన విలువైన కథనాల్లో అదొకటి.

ఆస్థానంలో అతని నడవడి మీద ఆరోపణలు రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఒక పెద్ద మంత్రిని అవమానించాడని, భూముల మీది పెత్తందార్ల దగ్గర అధిక శిస్తు గుంజి, ఇవ్వనివారిని సొంత ఇంట్లోనే హింసించాడని 1815లో నేరం మోపారు. విచారణ తర్వాత బిరుదు తీసేసి మూడేళ్ల నిర్బంధం విధించారు. ఇనుప టోపీ హక్కు ఇంటిదే గాని మనిషిది కాదు కాబట్టి, బిరుదు దాయాది లిన్‌జికి పోయింది. మరుసటి ఏడే నిర్బంధం నుంచి విడుదలైనా పాత హోదా తిరిగి రాలేదు. 1822లో రాజవంశ వ్యవహారాల కచేరీలో ఒక చిన్న పదవికి అభ్యర్థిగా పేరు చేర్చారు. మరణించింది 1829–30 చలికాలంలో.

‘షియావోటింగ్ జాలు’ అన్న పేరుకు ‘ఈల మంటపపు చిల్లర రాతలు’ అని స్థూలంగా అర్థం చెప్పుకోవచ్చు. ‘షియావోటింగ్’ రచయిత కలం పేరు. ప్రధాన భాగం పది సంపుటాలు, అనుబంధం ఐదు. విషయసూచిక చూస్తేనే అతని ఆసక్తులు ఎంత చెల్లాచెదురుగా ఉన్నాయో తెలుస్తుంది. మంచూల ఎనిమిది జెండాల సైనిక వ్యవస్థ, శామన్ పూజలు జరిగే ‘తాంగ్‌జి’ మందిరం, చియాన్‌లాంగ్ కాలపు యుద్ధాలు ఇందులో ఉన్నాయి. జిన్‌చువాన్ కొండల్లో 1773లో చింగ్ సైన్యం తిన్న చావుదెబ్బ, బర్మా దండయాత్ర, నేపాల్ గూర్ఖాల లొంగుబాటు ఒక్కొక్కటీ విడిగా రాశాడు. ఓటమిని ఓటమిగా రాయడం ఆ కాలపు ప్రభుత్వ చరిత్రల్లో దొరకని గుణం. అపార ధనం కూడబెట్టి 1799లో ప్రాణం పోగొట్టుకున్న మంత్రి హషన్ ముచ్చట్లూ ఇందులో తరచుగా తగులుతాయి.

సాహిత్యంలో మంచి రుచి ఉన్నవాడు. హెసు అనే అధికారి చైనీస్ కథలను, నాటకాలను మంచూ భాషలోకి తెచ్చిన తీరును మెచ్చుకున్నాడు. ‘జిన్ పింగ్ మెయ్’ నవలలో సుంగ్ కాలం, మింగ్ కాలం కలగాపులగం అయ్యాయని ఎత్తి చూపాడు. సిచువాన్ నుంచి వచ్చి స్త్రీ పాత్రలతో బీజింగ్‌ను ఊపేసిన నటుడు వెయ్ చాంగ్‌షెంగ్ గురించీ రాశాడు. రాజకుమారుడి కలం నుంచి ఒక నటుడి కథ రావడం ఆ రోజులకు చెప్పుకోదగిన విషయం. కవి, పండితుడు ఫాషిషాన్ (1753–1813) అతని మిత్రుల్లో ఒకడు.

పుస్తకం రచయిత బతికుండగా అచ్చు కాలేదు. రాతప్రతులుగా చేతులు మారి, 19వ శతాబ్దం చివరి పాతికేళ్లలో అచ్చుకెక్కింది. ఇప్పుడు పరిశోధకులు ఎక్కువగా వాడేది బీజింగ్‌లోని జోంగ్‌హువా ప్రచురణశాల 1980లో తెచ్చిన పరిష్కృత ప్రతి.