తోలుబంతి

ఫుట్‌బాల్ మీద మాదిగోడు వ్యాసం రాసుడేందని అడిగేవాళ్లుంటరు. డప్పు మీద రాయొచ్చు. లంద మీద రాయొచ్చు. వెట్టి మీద రాయొచ్చు. ఆట మీద రాస్తే మాత్రం సోకు చేస్తున్నట్టు కనపడుతుంది. మా గురించి రాసినవాళ్లు మా ఆకలినీ అవమానాన్నీ కొలిచి చూపించిండ్రు. మేము గూడ ఒకరి గెలుపు తలుచుకొని రాత్రంతా నిద్రపోకుండ ముచ్చట పెట్టుకున్నోళ్లమేనని ఎవరూ రాయలేదు. ముచ్చట కూడా చరిత్రే. పైగా ఈ ఆటకు మూలం తోలు. తోలు సంగతి మమ్ములను అడగకుండ ఎవరిని అడుగుతరు?

సూర్యాపేట నుంచి ఖమ్మం పోయే తొవ్వల ఉంటది మా మోతె. 2016 దాకా నల్లగొండ జిల్లా, ఇప్పుడు సూర్యాపేట జిల్లా. మా వాడకు ఫుట్‌బాల్ టీము లేదు. మాది కబడ్డీ. దానికి కాళ్లు, ఊపిరి, గీత గీసేటందుకు ఒక కట్టెపుల్ల ఉంటే చాలు. పైసతో పనిలేదు. ఫుట్‌బాల్ నేను మొదట చూసింది మా తాత ఒళ్లో. బడిలో బంతి కుట్లు ఊడిపోతే పటేండ్ల పిల్లగాండ్లు తెచ్చి అరుగు కింద పడేసి పోయేవాళ్లు. తాత ఆ బంతిని పసిపిల్లను చూసినట్టు అటు తిప్పి ఇటు తిప్పి చూసేవాడు. లేసు విప్పి, బ్లాడరు బయటికి తీసి, పాత కుట్లన్నీ రంపెతో కోసి, దారానికి మైనం రాసి, ఆరెతో పొడిచి ఒక్కొక్క పోటు కుట్టేవాడు. కుట్టు లోపలికి పోవాలె, బయటికి కనపడొద్దు. కనపడితే కాలు కోసుకపోతది. ఈ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. మోటబొక్కెన కుట్టిన చెయ్యి గనుక బంతిని చూడంగనే తెలిసింది. "మంచి తోలు. లంద మంచిగ తాగిందిరా" అనేవాడు. తెల్లారి ఆ బంతితో ఆడింది ఆయన మనుమడు కాదు. మేము గీత అవతల నిలబడి, బంతి బురదగుంటలో పడితే దిగి తెచ్చి ఇచ్చేవాళ్లం. తెచ్చినోన్ని చెయ్యి తగలకుండ కింద పెట్టమనేటోళ్లు. అది ఏ బడి అంటే ఏ బడి అని చెప్పాలె? ఆ రోజుల్లో ఏ ఊరి బడైనా చెప్పుకోవచ్చు.

డిగ్రీ అయినంక హైదరాబాదు వచ్చి మల్లేపల్లిలో రూము తీసుకున్న. చుండూరు జరిగిన సాలు, 1991. మీటింగులు, ఊరేగింపులు, రాత్రికి ఇరానీ హోటల్ల చాయ్. ఆ హోటల్ల మూలకున్న బల్ల ముసలి ఫుట్‌బాల్ పిచ్చోళ్లది. మల్లేపల్లి అంటేనే ఫుట్‌బాల్ బస్తీ. వాళ్లు మాట్లాడుకునేది నిన్నటి మ్యాచు గురించి కాదు, నలభై ఏండ్ల కింది మ్యాచు గురించి. అందులో ఒక చాచా ఉండేవాడు. వక్కపొడి డబ్బీ, చాయ్ సాసర్, అగ్గిపెట్టె బల్ల మీద పేర్చి ఎవరు ఎవరికి పాస్ ఇచ్చిండో చూపెట్టేవాడు. సాసర్ గోల్‌కీపరు. నేను అర్థం కాకున్నా ఇనేవాన్ని. ఇంటుంటే అర్థమైంది.

చాచా ముచ్చట సిటీ పోలీస్‌తో మొదలయ్యేది కాదు, వాళ్ల నాయిన ముచ్చటతో మొదలయ్యేది. కలకత్తాలో మహమ్మడన్ స్పోర్టింగ్ అనే క్లబ్బు. 1891లో పుట్టింది. ఎన్నో ఏండ్లు కింది డివిజన్‌లో నలిగింది. 1933లో సెకండ్ డివిజన్ నుంచి పైకి ఎక్కింది. ఎక్కిన మొదటి ఏడే, 1934లో, కలకత్తా లీగు గెలిచింది. 1898లో లీగు మొదలైన కాడికెల్లి అది తెల్లోళ్ల జట్లదే. దాన్ని గెలిచిన మొదటి దేశీ జట్టు నిన్నమొన్న కింద నుంచి వచ్చింది. ఒక్కసారి గెలిస్తే అదృష్టం అందురు. వరుసగా ఐదేండ్లు, 1938 దాకా గెలిచింది. కలకత్తాలో ఒక్క మ్యాచు కూడా చూడని మనిషి, చాచా వాళ్ల నాయిన, హైదరాబాదులో ఉర్దూ పత్రిక పట్టుకొని గల్లీ గల్లీ తిరిగి చదివి వినిపించిండట. "బేటా, మేము నీచే సే ఊపర్ గయే" అని చాచా చెయ్యి కింది నుంచి పైకి ఎత్తి చూపెట్టేవాడు. ఆ "మేము" అన్న మాట దగ్గర నాకు కడుపుల కదిలేది. ఆయన ఆడలేదు, ఆయన నాయినా ఆడలేదు. అయినా మేము.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలె. మన దేశం ఫుట్‌బాల్ చరిత్ర చెప్పేటప్పుడు ఉత్తకాళ్ల గురించి గొప్పగ చెప్పుకుంటది. 1911లో మోహన్ బగాన్ ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును ఓడించి ఐ.ఎఫ్.ఎ. షీల్డు గెలిచింది, పదకొండు మందిలో పది మందికి బూట్లు లేవు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనోళ్లు ఎక్కువమంది ఉత్తకాళ్లతోనే ఆడిండ్రు. అది వీరత్వం. సరే, కాదనను. మరి మావోళ్ల ఉత్తకాళ్లేంది? ఊరందరి చెప్పులు మేమే కుట్టినం. దొర గడి ముందర నుంచి పోయేటప్పుడు మా తాత చెప్పులు చేతిలో పట్టుకొని నడిచిండు. ఒకరి ఉత్తకాలు దేశభక్తి అయింది, ఒకరి ఉత్తకాలు కట్టుబాటు అయింది. మహమ్మడన్ స్పోర్టింగ్ గెలుపులో నాకు నచ్చిన విషయం వేరే ఉంది. వానకు తడిసిన మైదానంలో ఉత్తకాళ్లు జారుతయని వాళ్లు తమ ఆటగాళ్లకు బూట్లు తొడిగిండ్రు. గొప్పలు పక్కన పెట్టి కాళ్లకు తోలు తొడిగితే గెలుస్తమని లెక్క చూసుకున్నరు. కింది నుంచి వచ్చినోనికే ఆ లెక్క తెలుస్తది. దేశానికి మాత్రం తెలియడానికి ఇంకా టైం పట్టింది. 1952లో హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడినంక గానీ బూట్లు తప్పనిసరి కాలేదు.

అదే 1911లో ఇంగ్లండు పోయిన భారత క్రికెట్ జట్టులో నూటికి పైగా వికెట్లు తీసిన పాల్వంకర్ బాలూది చమార్ కులం. పూనాలో తన జట్టువాళ్లతో కలిసి ఆడొచ్చు గానీ, చాయ్ మాత్రం బయట నిలబడి మట్టి ముంతలో తాగాలె. మోహన్ బగాన్ పేరు తెలిసినంత మందికి బాలూ పేరు తెలియదు. మన విద్యార్థి మిత్రులు ఇదొక్కటి రాసి పెట్టుకోవాలె.

ఇగ సిటీ పోలీస్. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయి పోయి 1950 నుంచి 1954 దాకా రోవర్స్ కప్పు వరుసగా ఐదుసార్లు గెలిచింది. 1950లోనే ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు కూడా తెచ్చింది, ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించి. అప్పటిదాకా ఫుట్‌బాల్ అంటే కలకత్తా. నిజాం పాలన పోయి రెండేండ్లు, ఊరంతా భయం, ఎవరి కొలువు ఉంటదో ఎవరిది ఊడుతదో తెలియదు. అటువంటి టైముల పాతబస్తీ జనానికి తలెత్తుకునేటందుకు ఒక్కటే దొరికింది, ఆ జట్టు. చాచా గొంతు ఇక్కడికి రాంగనే పల్చబడేది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ పేర్లు దర్గాల ఫాతెహా చదివినట్టు చదివేవాడు.

జట్టు వెనక ఉన్నది ఒక బడిపంతులు, సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టిండు. పిల్లలకు పాఠాలు చెప్పుకుంటనే 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయిండు, 1950లో సిటీ పోలీస్ కోచ్. బలహీనమైన కాలుతోనే తన్నాలె, రెండోకాలు తగిలితే ఫౌల్ అని పోటీలు పెట్టేవాడట. డ్రిబ్లింగు చెయ్యొద్దు, పాస్ ఇయ్యాలె అని ఇంకో రకం పోటీలు. ఒక్కడే మెరిసుడు కాదు, బంతి నలుగురి కాళ్ల మీద నడవాలె. ఆయన కోచ్‌గా మన దేశం 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 1963 జూన్‌లో క్యాన్సర్‌తో పోయిండు. 2024లో ఆయన మీద 'మైదాన్' అని హిందీ సినిమా వచ్చేదాకా మన తెలుగు పిల్లలకు ఆయన ఎవరో తెలియదు.

నాకు మింగుడుపడనిది ఒకటే, ఆ జట్టు పేరులో ఉన్న పోలీస్ అన్న మాట.

సిటీ పోలీస్ బొంబాయిలో కప్పులు ఎత్తుతున్న ఏండ్లల్లోనే సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ తాలూకాల్లో పోలీసు క్యాంపులుండె. 1948 సెప్టెంబరులో నిజాం లొంగిపోయినా సాయుధ పోరాటం 1951 అక్టోబరు దాకా నడిచింది. సంఘపోళ్లకు సద్ది మోసిండని, చీటి అందించిండని అనుమానం వస్తే ముందు తన్నులు తినేది మా వాడ. మా నాయినమ్మ చచ్చేదాకా ఖాకీ రంగు చూస్తే గడపదాటి బయటికి రాలేదు. పోస్టుమ్యాను వచ్చినా తలుపు వెనకకు పోయేది. ఆమెకు పోలీసు ఐదుసార్లు కప్పు గెలిచిండని ఎట్ల చెప్పాలె?

ఒకరోజు చాచాకు ఈ ముచ్చట చెప్పిన. ఆయన చాయ్ తాగుడు ఆపిండు. ఆ పోలీసు వేరు, ఈ పోలీసు వేరు అని వాదించలేదు. శానసేపటికి, "మా వాళ్లకు పోలీస్ నౌకరీ ఆటతోనే వచ్చింది బేటా. ఆట లేకుంటే మాది కూడా లాఠీ కింద ఉండే ఖాందానే" అన్నడు. అది నిజమే. బంతి బాగా తన్నినందుకు ఒక పేదింటి పిల్లగానికి జవాను కొలువు, నెల జీతం, ఇంటికి బియ్యం. రిజర్వేషన్ అంటే మెరిట్ చచ్చిపోతదని ఏడ్చేవాళ్లు ఈ జట్టును చూడాలె. ముందు కొలువు ఇచ్చిండ్రు, కడుపు నిండింది, తర్వాత మెరిట్ దేశమంతా కనపడింది.

తులసీదాస్ బలరాం సంగతి అందుకే నాకు ఇష్టం. సికింద్రాబాదు పక్కన అమ్ముగూడలో పేదింట్ల పుట్టిండు. బూట్లు కొనే తాహతు లేదు. పోలీసులు వాడి పారేసిన బూట్లను మోచీతో కుట్టించుకొని ఆడినట్టు ఆయనే తర్వాత చెప్పుకున్నడు. రహీం కన్ను పడింది. ఇరవై ఏండ్లకే మెల్‌బోర్న్, ఆ తర్వాత రోమ్. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టిండు. కలకత్తా ఈస్ట్ బెంగాల్ ఆయన్ను ఎత్తుకపోయింది. 2023 ఫిబ్రవరిలో బెంగాల్‌లోనే కన్నుమూసిండు. పేపర్లు ఆయన గురించి రాసినయి. ఆ మోచీ ఎవరో ఏ పేపరూ రాయలేదు. లాఠీ పట్టుకున్నోడు వదిలేసిన బూటును ఒలింపిక్ కాలికి సరిపడా కోసి కుట్టిన చెయ్యి అది. దానికి పేరు లేదు. మా తాత చెయ్యి అనుకుంటే నాకు అడ్డమొచ్చేది ఎవరు?

దేశం విడిపోయినప్పుడు సియాల్‌కోట నుంచి జలంధర్ వచ్చిన బంతుల పరిశ్రమలో కూడా కుట్టు పని చేసింది ఎక్కువగా మన అన్నదమ్ములే, పంజాబు దళితులు. బంతికి ఇన్ని పైసలని ఇండ్లల్ల కూసొని, ఆడోళ్లు, పిల్లలు కుట్టిండ్రు. ఇరవై ఆరుమూలల ముక్కలు, పన్నెండు ఐదుమూలల ముక్కలు. పసిపిల్లల వేళ్లు తెగుతున్నయని ప్రపంచం గోల పెట్టినంక, సియాల్‌కోట బంతుల పని మీద 1997లో అట్లాంటాలో ఒప్పందం రాసుకున్నరు. అప్పటికే బంతిలో తోలు పోయింది. 1986 మెక్సికో ప్రపంచ కప్పులో మొదటిసారి సింథటిక్ బంతి దిగింది. లంద బంతి నుంచి వెళ్లిపోయింది, కుట్టేవాడ మాత్రం మారలేదు.

హైదరాబాదు ఫుట్‌బాల్ ఎట్ల పడిపోయింది? రహీం పోయిండు. మంచి ఆటగాళ్లను కలకత్తా క్లబ్బులు పైసలిచ్చి తీసుకపోయినయి. ఫతే మైదాను క్రికెట్ చేతిలో పడ్డది. ఆంధ్రప్రదేశ్ పేరు మీద 1965లో సంతోష్ ట్రోఫీ గెలిచిన తర్వాత మళ్ల ఆ కప్పు ఇటు రాలేదు. చాచా బల్లకు ఒక్కొక్కరే రావడం మానేసిండ్రు. నేను ఆ రూము ఖాళీ చేసే నాటికి ఇద్దరే మిగిలిండ్రు.

ఒకసారి చాచా అడిగిండు: "మీ నల్గొండ నుంచి ఒక్కడన్నా మా జట్టుల లేకపాయె, ఏం బాత్?" మా ఊర్ల మైదానం ఎక్కడుండేదో చెప్పిన. బడి వెనక చదును జాగ పటేండ్లది. మా వాడకు మిగిలింది చచ్చిన గొడ్లను కోసే దిబ్బ. మేము కబడ్డీ ఆడింది దాని పక్కన్నే. గద్దలు పైన తిరుగుతుంటే కూత పెట్టేవాళ్లం. చాచా నవ్విండు, మళ్ల నవ్వు ఆపిండు. "అయితే మీది థర్డ్ డివిజన్ కూడా కాదు" అన్నడు. "డివిజనే లేదు చాచా" అన్న.

2024 ఏప్రిల్ 6న షిల్లాంగ్‌లో మహమ్మడన్ స్పోర్టింగ్ షిల్లాంగ్ లజోంగ్ మీద 2-1తో గెలిచి ఐ-లీగ్ టైటిల్ కొట్టింది, ఇండియన్ సూపర్ లీగ్‌కు ఎక్కింది. తొంభై ఏండ్ల తర్వాత మళ్ల కింది నుంచి పైకి. విచిత్రం ఏందంటే ఆ ఏడు రెండో స్థానంలో ఆగిపోయింది మన హైదరాబాదు జట్టే, శ్రీనిధి డెక్కన్. అంతకు ముందటేడు కూడా రెండో స్థానమే. రెండుసార్లూ గడప మీద కాలు పెట్టి నిలబడ్డది. చాచా ఉంటే ఎవరి దిక్కు చప్పట్లు కొట్టేవాడో నాకు తెలుసు. రెండు దిక్కులా కొట్టేవాడు.

నేను ఆ రాత్రి మోతెలో ఉన్న. మా తమ్ముని కొడుకు ఫోన్ల స్కోరు చూసి చెప్పిండు. వానికి ఈ కథంతా కొత్త. చెప్పిన, పొద్దుపోయేదాకా చెప్పిన. అంతా ఇని వాడు తాత రంపె ఎక్కడుందని అడిగిండు. అటక మీద గోనెసంచిల ఉంది, ఆరెతో పాటు. తుప్పు పట్టింది.