రాదని తెలిసీ నింపే దరఖాస్తు

అమెరికాలో పిల్లలు పన్నెండో తరగతికి వచ్చారంటే చాలా తెలుగు ఇళ్లలో ఒక వాదన మొదలవుతుంది. ‘‘ఇద్దరం సంపాదిస్తున్నాం, మనకెందుకిస్తారండీ సాయం? మన జీతాలూ పొదుపులూ వాళ్ల ముందు పరవడం దేనికి?’’ అని ఒకరు. ‘‘ఫీజేమన్నా కట్టాలా? పెట్టేస్తే పోలా!’’ అని రెండోవారు. ఫాఫ్సా అనే ఆ సర్కారు దరఖాస్తు విషయంలో ఇద్దరి మాటా కొట్టిపారేయలేం. ఇంటి అవసరాన్ని కొలవడానికి పుట్టిన ఫారం పోనుపోను అవసరంతో సంబంధం లేని వాటికీ దారి అవుతోంది మరి.

కుటుంబం ఎంత పెట్టుకోగలదో లెక్కగట్టి, తక్కువపడిన మేరకు సాయం చేసే పద్ధతికి 1950ల మొదట్లో హార్వర్డ్‌లో రూపమిచ్చినవాడు జాన్ మన్రో. అంతకుముందు స్కాలర్‌షిప్పులను చాలా కాలేజీలు తెలివైన కుర్రాళ్లకు వేసే గాలంలా వాడేవి, వాళ్ల ఇంట్లో డబ్బున్నా సరే. 1954లో కాలేజ్ బోర్డు ‘కాలేజ్ స్కాలర్‌షిప్ సర్వీస్’ పెట్టి, ఇలాంటి లెక్కను మిగతా కాలేజీలకూ అందించింది. మన్రో గురించి ఇంకొక్క మాట. హార్వర్డ్ కాలేజీ డీన్ దాకా ఎదిగిన ఆయన 1967లో ఆ పదవి వదిలేసి, అలబామాలో నల్లజాతి విద్యార్థులు చదివే చిన్న మైల్స్ కాలేజీలో పాఠాలు చెప్పుకోవడానికి వెళ్లిపోయాడు. లెక్క కట్టినవాడికి అది ఎవరి కోసమో తెలుసన్నమాట.

1965 నవంబరు 8న అధ్యక్షుడు జాన్సన్ తాను చదువుకున్న టెక్సస్ కాలేజీలోనే ఉన్నత విద్యా చట్టంపై సంతకం చేశారు. ఫీజులు మాకూ మోయలేనివేనని మధ్యతరగతి గోల పెట్టడంతో, 1978లో కార్టర్ ఆ చట్టం కింద ఇచ్చే రాయితీ వడ్డీ రుణాలకు ఆదాయ పరిమితి ఎత్తేశారు. ఖర్చు తడిసిమోపెడైంది. 1981లో రీగన్ హయాంలో ఆదాయం 30,000 డాలర్లు దాటిన ఇళ్లకు మళ్లీ అవసరం చూపించాలన్న షరతు వచ్చింది.

అసలు మలుపు 1992 చట్టం. అప్పటిదాకా చాలా కాలేజీల కోసం రుసుము కట్టి ప్రైవేటు సంస్థల ఫారాలు నింపాల్సి వచ్చేది. ఈ చట్టంతో వచ్చిన ఫాఫ్సా పేరులోనే ‘ఉచితం’ ఉంది. ఆదాయంతో పనిలేకుండా అందరికీ దొరికే, వడ్డీ రాయితీ లేని రుణం పుట్టింది కూడా ఆ చట్టంలోనే. తల్లిదండ్రులపై ఆధారపడ్డ విద్యార్థికి మొదటి ఏడాది ఇప్పుడు 5,500 డాలర్ల దాకా ఇస్తారు. ఇల్లు ఎంత కలిగినదైనా ఫాఫ్సా పెట్టకుండా ఆ అప్పు పుట్టదు.

మన వాళ్లు బాగా స్థిరపడిన జార్జియాలో 1993లో మార్కులను బట్టి ఇచ్చే హోప్ స్కాలర్‌షిప్ మొదలైంది. మొదట పెట్టిన ఆదాయ పరిమితిని 1995లో తీసేశారు. దానికి ఫాఫ్సా వద్దనుకుంటే రాష్ట్రం సొంత దరఖాస్తు ఉంది. లూసియానా ఇంకో అడుగు ముందుకేసి, 2018లో బడి ముగించేవాళ్ల నుంచి ఫాఫ్సా పెట్టాలి లేదా వద్దని రాసివ్వాలి అంది. 2024లో ఆ నిబంధనను తానే తీసేసింది.

హెచ్-4 వీసా మీదున్న పిల్లలకు ఫెడరల్ సాయం ఎటూ రాదు. అక్కడే పుట్టిన తమ్ముడికో చెల్లెలికో మాత్రం, తల్లిదండ్రులది ఏ వీసా అయినా, అర్హత ఉంటుంది. ఒకే ఇంట్లో రెండు జవాబులు!

రాదనుకున్నా పెట్టమనడానికి నాకు కనిపించే గట్టి కారణం లేఆఫ్. ఈ ఫారం రెండేళ్ల వెనకటి ఆదాయం చూస్తుంది. 2026 ఆగస్టులో కాలేజీలో చేరేవారికి 2024 పన్ను లెక్కలే ఆధారం. తండ్రి ఉద్యోగం 2026 మార్చిలో పోతే ఆ కష్టం అందులో కనిపించదు. కాలేజీ సాయం ఆఫీసుకు కాగితాలు చూపి అంకెలు మార్చమని అడగొచ్చు. కాకపోతే మార్చడానికి ముందు ఫారం అంటూ ఒకటి ఉండాలి కదా.

వద్దనేవారి వాదనకూ ఒకచోట బలముంది. కొన్ని ప్రైవేటు కాలేజీలు సీటిచ్చేటప్పుడు సాయం అడిగారా లేదా అన్నది కూడా చూస్తాయి. అలాంటిచోట అనవసరంగా అడిగితే నష్టపోవచ్చు. అలాగని అడగకుండా చేరితే, తర్వాతి ఏళ్లలో తమ సొంత నిధి నుంచి ఇవ్వబోమని చెప్పే కాలేజీలూ ఉన్నాయి. ఆ నిబంధనేమిటో డిపాజిట్ కట్టకముందే సాయం ఆఫీసును అడిగి, జవాబు ఈమెయిల్‌లో రాయించుకోవడం మంచిది.