గెడ్డ

మిగతా కోస్తాలో వాగు, సీమలో వంక. శ్రీకాకుళం, విజయనగరం వైపు కొండల్లోంచి దిగే ఏరు గెడ్డ. పెద్దగెడ్డ, వట్టిగెడ్డ జలాశయాల పేర్లలోనూ ఆ మాటే ఉంది. దాన్ని కాలువ అని రాస్తే నాకు మనసొప్పదు. కాలువను మనిషి తవ్వుతాడు, గెడ్డ తన దారి తనే చూసుకుంటుంది.

ఇక్కడి ఏళ్లన్నిటి పేర్లలోనూ గెడ్డ ఉండదు. పాతపట్నం పక్కన పారే మహేంద్రతనయది సంస్కృతపు పేరు. 1501 మీటర్ల మహేంద్రగిరికి కూతురన్నమాట. అదే పేరుగల మరో ఏరు బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. పాతపట్నం దగ్గరిది వంశధారలోకి పోతుంది.

పేర్ల సంగతి అటుంచితే, ఇక చేపల సంగతి. గెడ్డలో గాలానికి వానపామే ఎర. రాయి వెనక నీరు నెమ్మదించే చోట వేయాలి. ఫొటో తీసేవాళ్లూ అక్కడే కాచుకోవాలి: ఏటవాలు ఎండలో వేలెడంత చేపకన్నా ముందు ఇసుక మీద దాని నీడ కనిపిస్తుంది.